తోడు లేని జంతువే ముందుగా కనుమరుగవుతుంది
సందర్శకుల ఆసక్తి తగ్గినందువల్లనే జంతు ప్రదర్శనశాలల్లో కొన్ని జాతులు కనుమరుగవుతున్నాయన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. సంతానం కలగకపోవడమే అంతకన్నా పెద్ద కారణం. హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూపార్కుకు చిన్నప్పటి నుంచీ వెళ్తున్నాను. చుక్కల దుప్పులు తమ సంతతిని తామే పెంచుకుంటాయి కనుక ఎప్పుడూ మందగానే కనిపిస్తాయి. జోడు లేని జంతువు చనిపోతే మాత్రం దానితోనే ఆ జాతి అక్కడ ముగిసిపోతుంది. కలకత్తాలోని అలీపూర్ జూలో 1889లో సుమత్రా ఖడ్గమృగానికి పిల్ల పుట్టింది. మళ్లీ మనుషుల సంరక్షణలోనే చూలు కట్టిన తల్లి ఈనడం 2001లో, అమెరికాలోని సిన్సినాటి జూలో గాని సాధ్యపడలేదు. 112 ఏళ్లు! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అడవి నుంచి పట్టి తెచ్చే దారి చాలావరకు మూసుకుపోయింది, అది న్యాయమే. అందుకే ఒంటరి జంతువుకు వయసు మీరకముందే మరో జూ నుంచి జోడు తెప్పించాలని నేను గట్టిగా కోరుకుంటాను.