‘నెమ్మదిగా పోవుము’ గారికి

మహారాజశ్రీ బోర్డు గారి సముఖమునకు,

మీకు ఎదురు వరసలో మూడో ఇంట్లో అద్దెకుంటున్నవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఉభయుల్లో ఒకరైన మీరు కుశలంగా లేరు. మొన్న నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ తగిలాక మీ ఇనప కాలు పక్కకి వంగింది. అప్పట్నుంచి మీరు వచ్చే పోయే బళ్ళకి కాకుండా కొబ్బరి బోండాల బండికి జాగ్రత్తలు చెబుతున్నారు. ఆ బండి ఎలాగూ పొద్దున్నించి సాయంత్రం దాకా కదలదు కాబట్టి, ఈ వీధిలో మీ మాట తు.చ. తప్పకుండా పాటిస్తున్నది అదొక్కటే.

“ముందు పాఠశాల కలదు. నెమ్మదిగా పోవుము.” ఈ రెండు ముక్కలూ మీ మీద ఎవరు రాయించారో తెలీదు గానీ, చాలా మర్యాదస్తులు. బెజవాడలో పౌరాణిక నాటకంలో కృష్ణుడు తప్ప ఇంకెవరూ ఎవరితోనూ “పోవుము” అనరండీ. ఇక్కడ బండి ఆగాలంటే “ఏరా, కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నావా?” అనాలి. ఆ తర్వాత వాడి తాతల దాకా వెళ్ళాలి. మీరేమో గ్రాంథికంలో మనవి చేసుకుంటారు. అలాగని మీ మాట బొత్తిగా ఎవరూ వినట్లేదనను. సగం వింటున్నారు. “పోవుము” అన్నారు, పోతున్నారు. క్రియ దగ్గర ఎవరికీ అభ్యంతరం లేదు, పేచీ అంతా క్రియావిశేషణం దగ్గరే.

ఆ రాతకి పైన మీకు ఎర్ర అంచు త్రికోణం ఒకటుంది. అందులో ఓ పిల్లాడూ ఓ పిల్లా సంచీలతో పరిగెడుతుండేవాళ్ళు. ఇప్పుడు పిల్లాడి మొహం మీద “30 రోజుల్లో స్పోకెన్ ఇంగ్లీష్” అని కాగితం అంటించారు. నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదిగా అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఈ వీధి మొత్తంలో 30 అన్న అంకె కనిపించేది అక్కడొక్కచోటే. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో దేశదేశాల మంత్రులు కూర్చుని, మనుషులూ బళ్ళూ కలిసి తిరిగే చోట గంటకి 30 కిలోమీటర్లు దాటకూడదని ఒప్పుకున్నారు. ఆ 30 మా దాకా వచ్చేసరికి స్పోకెన్ ఇంగ్లీష్‌లో కలిసిపోయింది.

మీరు వచ్చిన కొత్తల్లో ఈ వీధి ఇలా ఉండేది కాదు, మీకు గుర్తుండే ఉంటుంది. అడుగుకో గుంట, గుంటలో నీళ్ళు, పక్కన ఇసుక కుప్ప. ఆ రోజుల్లో అందరూ నెమ్మదిగానే పోయేవారు. అది మీ గొప్పతనమే అనుకుని మీరు కాస్త ఛాతీ విరుచుకుని నిలబడేవారని నా అనుమానం. తర్వాత సిమెంటు రోడ్డు పడింది. ముప్పై అడుగుల వెడల్పున, ఈ చివర్నించి ఆ చివరికి గీత గీసినట్టు, క్యారమ్ బోర్డు అంత నున్నగా. రోడ్డుకి కొబ్బరికాయ కొట్టిన మర్నాడే మీ పరపతి పోయింది. రోడ్డు ఒకటి చెబుతోంది, మీరొకటి చెబుతున్నారు. మీది అక్షరాల్లో ఉంది, చదవాలి. రోడ్డు చెప్పేది చదవక్కర్లేదు, కుడికాలికి నేరుగా తెలిసిపోతుంది.

దానికి తోడు ఫోన్లో ఉండే ఆ అమ్మాయి ఒకటి. బందరు రోడ్డు మీద బళ్ళు కాస్త ఇరుక్కుంటే చాలు, “ఎడమవైపు తిరగండి” అంటుంది. తిరిగితే వచ్చేది మన వీధి. ఎక్కడో ఆటోనగర్‌లో పనున్నవాళ్ళు, మన బడితో గానీ ఇళ్ళతో గానీ ఏ సంబంధమూ లేనివాళ్ళు, నాలుగు నిమిషాలు మిగుల్చుకోవడానికి మన వాకిళ్ళ ముందు నుంచి పోతుంటారు. ఆ నాలుగు నిమిషాలూ వాళ్ళు ఏం చేసుకుంటారో గమనించాను. సందు చివర టీ కొట్టు దగ్గర నించుంటారు.

అయితే పరాయివాళ్ళని తిట్టి ఉత్తరం ముగించేస్తే మీరు నవ్వుతారు. మీకన్నీ తెలుసు. పొద్దున్న ఎనిమిదింబావు నుంచి తొమ్మిది దాకా మీ ముందు నుంచి అందరికంటే జోరుగా వెళ్ళేది ఆ బడికి పిల్లల్ని దింపే నాన్నలూ అమ్మలే. ముందు ఒకడు నిలబడి, మధ్యలో ఒకర్తె, వెనక వాటర్ బాటిల్ పట్టుకుని ఇంకొకడు, స్కూటీ మీద మొత్తం నలుగురు. “మా వాడికి లేటైపోతోందండీ” అని హారను. వాడిని వేళకి దింపడానికి పక్కింటి వాడిని పక్కకి తప్పుకోమంటారు, ఆ పక్కింటి వాడూ అదే తరగతి. నాలుగేళ్ళ లోపు పిల్లలు బండి మీద ఉంటే వేగం 40 దాటకూడదని, పిల్లకి హెల్మెట్ పెట్టి పెద్దవాళ్ళకి కట్టే పట్టీ ఉండాలని కేంద్రం 2022లో నియమం తెచ్చింది. మా వీధిలో ఆ పట్టీ పని అమ్మ చున్నీ చేస్తోంది.

విచిత్రమేమిటంటే, ఆ బడి లోపల తొమ్మిదో తరగతిలో గతిజశక్తి పాఠం చెబుతారు. వేగం రెండింతలైతే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు అని. 30లో వెళ్ళేవాడు పిల్లని చూసి బ్రేకు మీద కాలు వెయ్యాలని అనుకునే ఒక్క సెకనులో ఎనిమిది మీటర్ల పైచిలుకు వెళ్ళిపోతాడు. 60లో వెళ్ళేవాడు పదహారు దాటతాడు, అంటే మా ఇంటి గేటు దగ్గర కనిపించిన పిల్లకి పక్కింటి గేటు దగ్గర బ్రేకు వేస్తాడు. లోపల దీనికి మూడు మార్కులు. బయట రోజూ ప్రాక్టికల్స్.

కిందటేడు జూన్‌లో బడి తెరిచిన రెండో రోజున రెండో తరగతి బుడ్డోడి క్యారేజీ మీద నుంచి కారు వెళ్ళింది. క్యారేజీకీ బుడ్డోడికీ మధ్య జానెడు దూరం. పప్పన్నం, ఆవకాయ ముక్క, అప్పడం రోడ్డు మీద పరిచినట్టయ్యాయి. కారాయన దిగి, డోరు మీద పడ్డ పప్పు మరక చూసుకున్నాడు. ఆ సాయంత్రం అపార్ట్‌మెంటు మెట్ల మీద మీటింగు పెట్టి, మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకరుని నియమించాలని తీర్మానించాం. అప్పుడు మీరు నొచ్చుకుని ఉంటారు. కానీ తర్వాత జరిగింది చూసి నవ్వుకునీ ఉంటారు.

బ్రేకరుది చిన్న వంశం కాదండీ. ఆర్థర్ కాంప్టన్ అని, 1927లో ఫిజిక్స్ నోబెల్ తెచ్చుకున్న మనిషి, అమెరికాలో సెయింట్ లూయిస్ ఊళ్ళోని వాషింగ్టన్ యూనివర్సిటీకి అధిపతిగా ఉన్నప్పుడు తన ఆఫీసు ముందు కార్లు ఇష్టమొచ్చినట్టు పోతున్నాయని విసిగి 1953లో ఈ గట్లు వేయించాడు. ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లకి గుద్దుకుంటే వాటి శక్తి కొంత పోతుందని చూపించినందుకు ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఆ సూత్రాన్నే కార్లకి వర్తింపజేశాడన్నమాట. ఇంగ్లండు వాళ్ళు ఈ గట్టుని ‘పడుకున్న పోలీసు’ అంటారట. మన దగ్గర ఆ పేరు పెడితే ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేలక గొడవలవుతాయి.

మన దేశంలోనూ దీనికో లెక్కుంది. రోడ్లకి కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసి పెట్టింది: బండి వెళ్ళే దిశలో 3.7 మీటర్ల పొడవు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు, ఏనుగు వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. 25లో వెళ్ళేవాడికి ఊయల ఊగినట్టుండాలి, అంతకు మించితే నడుం గుర్తు రావాలి. తెల్లటి చారలు, 40 మీటర్ల ముందు ఓ హెచ్చరిక బోర్డు. మా వీధికి వచ్చినది ఇది కాదు. పక్క వీధి పనిలో మిగిలిన తారు ఓ తోపుడు బండి నిండా తెచ్చి రాత్రికి రాత్రి దిబ్బలా పోసి వెళ్ళారు. పొడవు నా చెప్పుతో ఒకటిన్నర, ఎత్తు మా వీధికుక్కకి తలగడ పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది. నెమ్మదిగా వెళ్ళినవాడికీ జోరుగా వెళ్ళినవాడికీ ఒకే శిక్ష. పై వాటాలో కడుపుతో ఉన్న అమ్మాయి ఆటో దిగి, ఆ నాలుగడుగులూ నడిచి, అవతల మళ్ళీ ఎక్కేది.

దానికంటే పెద్ద తమాషా ఇంకోటి. వాన నీళ్ళు పోవాలని రెండు అంచుల్లోనూ మురిక్కాలవ పక్కన మూరెడు ఖాళీ వదిలారు. బైకుల వాళ్ళకి అది రాజమార్గమైంది. నడిరోడ్డు మీద పోయేవాళ్ళంతా బ్రేకరు రాగానే అంచుకి కోసుకుని, వేగం తగ్గకుండా ఆ సందులోంచి దూరేవారు. ఆ అంచునే పిల్లలు నడుస్తారు. పిల్లల్ని కాపాడమని వేసిన దిబ్బ బళ్ళని గురి చూసి పిల్లల మీదికే పంపింది.

ఇదీ ఎంతోకాలం లేదు. ఎవరో పెద్దాయన పక్క సందులో పెళ్ళికి వస్తున్నారని, వారి నడుముకి శ్రమ కలగకూడదని ముందు రోజు రాత్రి గడ్డపారలతో లేపేశారు. తర్వాత నల్లా పసుపూ చారల రబ్బరు బ్రేకరు మేకులతో బిగించారు. నెలలో మేకులు లేచి టైర్లలో దిగాయి. రబ్బరు ముక్కలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు, మన వీధిలోనే నాలుగిళ్ళ ముందు స్కూటరు గుమ్మం ఎక్కే మెట్లుగా హాయిగా ఉన్నాయి.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను, చిత్తగించండి. ఇన్నేళ్ళలో మీ కోరిక నెరవేర్చినది ఒక్కటే. గొయ్యి.

మాఘమాసంలో బడి గేటుకి ఇరవై అడుగుల ఇవతల నీళ్ళ పైపు పగిలింది. వచ్చి తవ్వారు, చూశారు, వెళ్ళారు. రోడ్డులో సగం గొయ్యి, చుట్టూ మట్టి కుప్పలు, ఓ వేపకొమ్మ, దానికి ఎర్ర లంగా పీలిక. ఇరవై ఒక్క రోజులు. ఆ ఇరవై ఒక్క రోజులూ మన వీధి ఎలా ఉందో మీరు మర్చిపోలేదనుకుంటాను. ఒకసారికి ఒక బండే పట్టేది. ఎదురుగా ఎవరైనా వస్తుంటే ఆగి, “రండి రండి” అనేవారు. బెజవాడలో! ఫోన్లో అమ్మాయి మన వీధి పేరెత్తడం మానేసింది. పిల్లలు గేటు దగ్గర చెయ్యి వదిలించుకుని తమంతట తామే రోడ్డు దాటారు. రిటైరైన లెక్కల మాస్టారు కుర్చీ వీధిలోకి వేసుకుని పేపరు చదివారు. మట్టి కుప్ప మీద పిల్లలకి ఓ కొత్త ఆట కూడా పుట్టింది, దాని నియమాలు నాకు చివరిదాకా అర్థం కాలేదు.

గొయ్యికీ గొప్ప చుట్టాలున్నారని తర్వాత తెలిసింది. హాలండులో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో 1970ల నాటికే జనం తమ వీధుల్ని కావాలని ఇరుకు చేసుకున్నారు. తిన్నటి రోడ్డుని వంకర తిప్పి, నడుమ చెట్లూ బల్లలూ పెట్టి, కారు అతిథిలా ఒదిగి వెళ్ళేలా చేశారు. 1976 కల్లా దానికి చట్టం కూడా వచ్చింది. వాళ్ళు ప్లాను గీసి చేసుకున్నదే మనకి పైపు పగిలి దక్కింది.

అసలు డచ్చివాళ్ళ దాకా ఎందుకు? ధనుర్మాసంలో ఎదురింటి పిన్నిగారు వీధి సగం దాకా రథం ముగ్గు వేసి, నడుమ గొబ్బెమ్మలు పెట్టి, గుమ్మంలో నిలబడి చూస్తుంటారు. హెల్మెట్ పెట్టని కుర్రాడు, లైసెన్సు లేని కుర్రాడు, సైలెన్సర్ పీకేసిన కుర్రాడు, ముగ్గురూ అక్కడ కాళ్ళు నేలకి ఆనించి, గొబ్బెమ్మ చుట్టూ ప్రదక్షిణలా తిరిగి వెళతారు. మైనరుకి బండిస్తే ఇచ్చినవాళ్ళకి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని 2019లో చట్టం మార్చి రాశారు. దానికి భయపడని వాడు పిన్నిగారి చూపుకి భయపడ్డాడు. ఎందుకంటే ఆ చట్టం గుమ్మంలో నిలబడి చూడదు, పిన్నిగారు చూస్తారు. పైగా వాళ్ళమ్మ ఫోను నంబరు ఆవిడ దగ్గరుంది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఈసారి కార్పొరేషన్‌కి అర్జీ పెట్టేటప్పుడు బ్రేకరు అడగను. రోడ్డుకి అటొకటీ ఇటొకటీ, ఒకదాని వెనక ఒకటి, నాలుగు సిమెంటు తొట్లూ వాటిలో నందివర్ధనం మొక్కలూ అడుగుతాను, దారి వంకర తిరిగేలా. బడి గేటు ముందు మాత్రం 3.7 మీటర్ల అసలు సిసలు గట్టు అడుగుతాను, కొలిచే టేపు నేనే పట్టుకుని నిలబడతాను. తొట్లు పెట్టిన వారానికి వాటిని ఎవరింటి మేడ మీద వెతకాలో ఇప్పటికే నాకో అంచనా ఉంది. అవి వచ్చేదాకా మీరు అక్కడే ఉండండి. ఆదివారం మీ కాలు సరిచేయిస్తాను, వెల్డింగు కుర్రాడితో మాట్లాడాను. మిమ్మల్ని తిప్పేస్తున్నామని బోండాల ఆయనకి మాత్రం ముందే చెప్పాలి.

ఇట్లు,
మీ ఎదురు వరస మూడో ఇంటివాడు

తా.క. ఒప్పుకోవలసింది ఒకటి మిగిలిపోయింది. మా అమ్మాయి ఒకటో తరగతి, గుణింతాలు వచ్చాయి, కనిపించిన ప్రతి అక్షరమూ చదువుతుంది. నా బండి మీద ముందు నిలబడి మిమ్మల్నీ చదువుతుంది. గొయ్యి ఉన్న రోజుల్లో “నె-మ్మ-ది-గా పో-వు-ము” అని తీరిగ్గా చివరిదాకా చదివి, “పోవుము అంటే ఏంటి నాన్నా?” అని అడిగింది. గొయ్యి పూడ్చేశారు. మీకు ట్యాంకరు తగిలే ముందు రోజు 8:50కి ఇంట్లోంచి బయల్దేరాం. “నెమ్మ” దాకా వచ్చింది.