విశ్వవిద్యాలయ చరిత్రను కిలోమీటర్లలో రాయాలని ఒక మనవి

ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1926లో పుట్టింది. నూరేళ్ల సందర్భం కనుక ప్రత్యేక సంచికలు వెలువడతాయి, వాటిలో ఉపకులపతుల ఫొటోలు వరుసగా కొలువుదీరతాయి, మహామహుల పేర్లకు ముందు విశేషణాలు పోటెత్తుతాయి. నెల్లూరు జిల్లా వాసిగా ఈ పద్ధతి మీద నాకొక సవినయమైన అభ్యంతరం ఉంది. విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మీద తెలుగువారు పెట్టినంత బుర్ర, దాని లోపల ఏం జరగాలన్న ప్రశ్న మీద పెట్టిన దాఖలాలు తక్కువ. కాబట్టి దాని చరిత్రను మనుషుల పేర్లతో కాక కిలోమీటర్లలో రాయడమే న్యాయం.

నా వాదనకు చరిత్రే సాక్షి. పరిషత్తు బెజవాడలో మొదలై, నాలుగేళ్లు తిరిగేసరికి, 1930లో విశాఖపట్నంలోని వాల్తేరు చేరింది. వాల్తేరు మరీ దూరమని అలిగిన సీమవాసులకు మద్రాసే దగ్గరగా కనిపించింది. 1937లో కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినప్పుడు నదీజలాలు, రాజధాని, హైకోర్టు వంటి బరువైన విషయాల సరసనే అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అన్న మాట కూడా చోటు చేసుకుంది. నీటికోసం పోట్లాడుకున్నంత ఉద్వేగంతో చదువుల తల్లి చిరునామా కోసం పోట్లాడుకున్న జాతి మరొకటి ఉంటుందని నేననుకోను. ఆ పోట్లాట చాలదన్నట్టు 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేయడంతో, ఆ యుద్ధకాలంలో పరిషత్తు గుంటూరుకు తరలివచ్చి, 1946లో తిరిగి వాల్తేరు వెళ్లింది. ఇరవై ఏళ్లలో ఇన్ని మజిలీలు చేసిన సంస్థను స్థావర ఆస్తుల జాబితాలో చేర్చడం సబబేనా అన్నది రెవెన్యూ శాఖవారు ఆలోచించవలసిన సంగతి.

ఈ ప్రయాణాల నడుమ కొందరు చదువుకోవడం, పరిశోధనలు చేయడం వంటి పనులకు పాల్పడ్డారన్నది కాదనలేని నిజం. టి.ఆర్. శేషాద్రి అనే రసాయన శాస్త్రవేత్త 1930ల్లో వాల్తేరు వచ్చి, ప్రయోగశాలను దాదాపు మొదటినుంచి కట్టుకుంటూ, పత్తి పువ్వుకు ఆ పసుపు రంగు ఎలా వస్తుందో తేల్చే పనిలో కూర్చున్నారు. పత్తి క్వింటా ఎంత పలుకుతుందో తేల్చకుండా పువ్వు రంగు తేల్చడమేమిటని ఆనాడు ఎవరూ అడగకపోవడం మన అదృష్టమో దురదృష్టమో చెప్పలేను. భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం స్ఫటికాల నిర్మాణంలోని సౌష్ఠవాన్ని గణితంతో పట్టుకునే ప్రయత్నం చేశారు. ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు గానీ ఆ డబ్బుతో ఏ ఊళ్లో ప్రహరీ గోడ కట్టాలో షరతు పెట్టినట్టు లేదు. 1952లో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త వచ్చి, మన ముందు రోజూ ఊరికే పడి ఉండే బంగాళాఖాతంలోకి ఓడల మీద వెళ్లి నీటి ఉష్ణోగ్రతలు కొలిచి, సముద్రశాస్త్రమనే చదువుకు అక్కడ పాదులు వేశారు. వీటన్నిటికంటే ప్రమాదకరమైన ఉదాహరణ తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిది. ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన 1930లో పదవికి రాజీనామా చేశారు. ఆ పదవికి రాజీనామా అనే సౌకర్యం కూడా ఉందని ఇప్పటివారికి తెలియడం ఎవరికీ క్షేమం కాదు కనుక, ప్రత్యేక సంచికలో ఈ ఘట్టాన్ని చిన్న అక్షరాల్లో వేయాలని కోరుతున్నాను.

ఇక అసలు ప్రగతికి వద్దాం. నెల్లూరు నుంచి వాల్తేరు సుమారు 600 కిలోమీటర్లు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చి, తరువాత మన కళాశాలలు దాని కిందికి చేరడంతో ఆ దూరం 130కి దిగింది, పైగా దైవదర్శనం అదనపు లాభం. ఒంగోలు వారికి 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం దక్కింది. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడి కాకుటూరులో కొలువుదీరడంతో మనకు సర్టిఫికెట్ల కౌంటరు ఆటోలో పోయి వచ్చేంత దగ్గరైంది. ఈ దశాబ్దంలో ఒంగోలుకూ ఆంధ్ర కేసరి పేరుతో సొంతది వచ్చింది. 600 నుంచి ఆటో దూరానికి రావడాన్ని మించిన పరిశోధనా ఫలితం ఏ ప్రయోగశాల చూపించగలదు?

పరిశోధన లేదనేవారు నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందుల్లో ఏదైనా డీటీపీ సెంటరులో ఒక సాయంత్రం కూర్చోవాలి. అక్కడ సిద్ధాంత గ్రంథాలు తయారవుతుంటాయి. నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు ఎక్కుతుంటాయి. వాటిలో సాంఘిక శాస్త్రాలవి ఏవి తీసినా రెండో అధ్యాయం "జిల్లా స్వరూపం" అయి ఉంటుంది. పెన్నా నది, వరి మాగాణి, గూడూరు మైకా, రొయ్యల చెరువులు, వర్షపాతం పట్టిక అందులో క్రమం తప్పకుండా ఉంటాయి. విషయం స్వయం సహాయక సంఘాలైనా, సహకార బ్యాంకులైనా, కౌమార బాలికల పోషకాహారమైనా ఆ అధ్యాయం మారదు. కంప్యూటరు ముందున్న కుర్రవాడు తల తిప్పకుండానే, "సార్, పోయిన సారు పెట్టిన జిల్లా చాప్టరు ఉంది, అదే పెట్టేసేదా? పటం రంగుల్లో కావాలంటే పేజీకి పది రూపాయలు ఎక్కువ" అంటాడు. విషయంకంటే స్థలమే ముఖ్యమన్న మన శతాబ్దపు సిద్ధాంతాన్ని ఇంత నిష్ఠగా ఆచరిస్తున్న పండితుడు మరొకరు లేరు. ఆయనకు గౌరవ డాక్టరేటు ఇవ్వాలన్న ప్రతిపాదనను నేను మనస్ఫూర్తిగా బలపరుస్తాను. గ్రంథం టైపు, బైండింగు ఆయనే చూసుకుంటాడు.

అయితే దూరాల సమస్య పూర్తిగా తీరలేదని ఒప్పుకోవాలి. కందుకూరు సంగతే చూడండి. 1970లో నెల్లూరు జిల్లా నుంచి కొత్త జిల్లాకు వెళ్లి, 2022లో తిరిగి నెల్లూరు జిల్లాలో కలిసింది. జిల్లా గీత కదిలినప్పుడల్లా ఏ ముద్ర కోసం ఏ ఊరు వెళ్లాలన్న బెంగ అక్కడి విద్యార్థిది. దీనికి నా దగ్గర పరిష్కారం ఉంది. విశ్వవిద్యాలయాన్ని ఒక ఆర్టీసీ బస్సులో పెట్టి, జాతీయ రహదారి మీద తడ నుంచి ఒంగోలు వరకు రోజూ నడపాలి. ముందు సీట్లలో రిజిస్ట్రారు, పరీక్షల విభాగం, వెనక వరుసలో పరిశోధన. విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చిన రోజున కడిగి, పూలదండ వేస్తే సరిపోతుంది. ప్రయోగశాలకు స్థలం చాలదని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు గానీ, ఆ సమస్య భవనాల్లో ఉన్నప్పుడు మాత్రం తీరిందా? కావలిలో ఐదు నిమిషాలు ఆపితే చాలు, మైగ్రేషన్ సర్టిఫికెట్ల దరఖాస్తులు చలాను రశీదుతో సహా కిటికీలోంచే అందిస్తాం.