నీలం బటన్‌కు మూడు నెలలు

మా కంపెనీని ఎవరైనా తిడితే నాకు కోపమొస్తుంది. ఒక మనిషి పనిని నలభై మందికి పంచి, నలభై మందికీ ఊపిరాడకుండా చేయడం ఎంత కష్టమో బయటివాళ్లకేం తెలుసు.

నేను హన్మకొండలో ఇంటి నుంచే పని చేస్తాను. పోయినేడు నాకు అప్పజెప్పిన బాధ్యత, ఒక స్క్రీన్ మీద నీలం బటన్‌ను ఆకుపచ్చ చేయడం. కోడ్‌లో ఒక్క లైను. చాయ్ చల్లారేలోపు చేసేశాను, అదే నా తప్పు. టికెట్, అంటే పని నమోదు చీటీ, ఏదన్నారు. టికెట్ తీస్తే స్టోరీ పాయింట్లు, అంటే పని ఎంత పెద్దదో చెప్పే మార్కులు, ఎన్నన్నారు, ఒకటి అంటే టీమ్ పరువు పోతుందని ఎనిమిది వేయించారు. డిజైన్ వాళ్లు ఏ ఆకుపచ్చ అని, సెక్యూరిటీ వాళ్లు ఎందుకు ఆకుపచ్చ అని అడిగారు. తెల్ల అక్షరాలు సరిగ్గా కనబడాలంటే అక్షరాలకూ వెనక రంగుకూ తేడా, అదే కాంట్రాస్ట్, కనీసం 4.5:1 ఉండాలి కదా అని ఒక కొత్త పిల్ల అడిగింది (అన్నింట్లో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే కాబట్టి దానికెవరూ జవాబివ్వలేదు). మూడు నెలలయ్యాక మేనేజర్ మారాడు, కొత్తాయనకు నీలమే నచ్చింది. నా మార్పు అసలు బయటికి వెళ్లనే లేదు కాబట్టి వెనక్కి తీసుకునేదీ లేదు, అయినా 'రోల్‌బ్యాక్ విజయవంతం' అని అందరికీ అభినందన మెయిల్ వెళ్లింది, కింద ఆయన పేరుతో.

అది న్యాయమే. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని మన జనం శిల్పి పేరుతో రామప్ప గుడి అనేశారు, కట్టించినాయన మర్యాద ఏం కావాలి? 2021లో గుర్తింపు ఇచ్చినప్పుడు యునెస్కో వాళ్లు రామప్పను బ్రాకెట్లో పెట్టి పద్ధతి కొంత నిలబెట్టారు. ఆ మెయిల్లో నాకు బ్రాకెట్ కూడా దక్కలేదు, సీసీలో ఉన్నాను.

మా బాపుది మోటర్ వైండింగ్ షాపు. వరి ఎండుతుందని రైతు కాలిన మోటర్ తెస్తే తెల్లారేసరికి తిప్పి చూపాలి, లేకపోతే షాపు ముందే పంచాయితీ. బటన్ కథంతా చెప్పి, మా దగ్గర ఏ పనికైనా అప్రూవల్ రావాలి బాపు అన్నాను. రాగితీగ చుడుతూనే అడిగాడు.

"అది వచ్చేదాక జీతం ఆపుతరా?"

"ఆపరు."

"మరి తొందరెందుకు కొడుకా?"