ఉద్దానం నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు కాదు

విశాఖపట్నం నుంచి దుబాయ్ ఎంత దూరమని ఫోనులో వెతికితే దాదాపు 3,000 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటల ప్రయాణం అని చూపిస్తుంది. లెక్క తప్పేమీ కాదు. ఒక విమానాశ్రయం నుంచి ఇంకో విమానాశ్రయానికి ఆకాశంలో అతి దగ్గరి దారి అంతే. దాన్ని చూపించి "పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటావు" అని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా కుర్రాళ్లకు చెప్పే, గల్ఫ్ పనులకు పంపే ఏజెంట్ల మీదే నా కోపమంతా.

ఇచ్ఛాపురం నుంచి విశాఖ చేరడానికే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. రైలు ఆలస్యమైతే టికెట్టు పోతుంది, వడ్డీకి తెచ్చిన డబ్బు పోతుంది. ఆ భయంతో ముందురోజే బయల్దేరతారు. రాత్రివేళ పలాస స్టేషనుకు వెళ్లి చూడండి. నైలాన్ తాడు బిగించిన అట్టపెట్టె, దాని మీద మార్కరుతో పేరు, పాస్‌పోర్టు నంబరు. లోపల ఆవకాయ సీసా పగలకుండా చుట్టూ లుంగీలు, ఓ మూల జీడిపప్పు పొట్లం. ఆ పెట్టెకు తల ఆనించి కునుకు తీసే వెల్డరు ప్రయాణం అప్పటికే మొదలైంది. అది ఎవరి లెక్కలోనూ లేదు.

చవకని చెన్నై మీదుగా టికెట్టు కొంటారు. విశాఖ నుంచి చెన్నైకి 600 కిలోమీటర్లు ఎగిరి దిగాక, అక్కడి నుంచి దుబాయ్ ఇంకా 2,900 కిలోమీటర్ల పైనే! అంత ఎగిరినా గమ్యం వంద కిలోమీటర్లయినా దగ్గరపడలేదు. తరువాతి విమానం కోసం గంటల తరబడి కుర్చీలో పడిగాపులు.

టికెట్టు మీది వేళలూ తికమక పెడతాయి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక. పదింటికి ఎక్కి పన్నెండున్నరకు దుబాయ్‌లో దిగినట్టు ఉంటే అది రెండున్నర గంటల ప్రయాణం కాదు, నాలుగు గంటలు. మొదటిసారి వెళ్లేవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు? దిగాక ఇమిగ్రేషన్ వరుస, కంపెనీ బస్సు నిండేదాకా ఎదురుచూపు, ఊరికి దూరంగా ఎక్కడో పనివాళ్లుండే క్యాంపు.

ఇంటి దగ్గర తండ్రి పోయినప్పుడు ఈ నాలుగు గంటల మాట ఎంత బాధపెడుతుందో మా ఊళ్లవాళ్లకు తెలుసు. కొడుకు సాయంత్రానికి వచ్చేస్తాడని శవాన్ని ఉంచుతారు. అక్కడ అతనికి సెలవు కాగితం మీద సంతకం కావాలి, పాస్‌పోర్టు చేతికి రావాలి, టికెట్టు దొరకాలి. తలకొరివి తమ్ముడు పెట్టేస్తాడు. ఇతను ఫోనులో చూస్తాడు.

భోగాపురం విమానాశ్రయం శ్రీకాకుళానికి విశాఖ కంటే దగ్గర, సంతోషమే. అయితే ఇచ్ఛాపురం, సోంపేట, పలాస ఆర్టీసీ కాంప్లెక్సుల నుంచి విమానాల వేళలకు రాత్రి బస్సులు నడపాలి. గల్ఫ్‌కు మధ్యలో దిగే పని లేని విమానాలు వారమంతా కావాలి. ఏజెంట్లు డబ్బు తీసుకునే ముందే, ఊరి నుంచి క్యాంపు దాకా మొత్తం ఎన్ని గంటలో, ఎక్కడెక్కడ ఆగాలో తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వాలి.