మా గిన్నె పట్టుకెళ్ళిన పాట్‌లక్ గారికి

గౌరవనీయులైన పాట్‌లక్ గారికి నమస్కారాలు.

మీరు క్షేమంగానే ఉంటారు, మీకేం. మొన్న కార్తీక ఆదివారం మా రిటైర్మెంట్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో, తలా ఒక వంటకం తెచ్చి పంచుకు తినే విందని మీ పేరు చెప్పి, తొమ్మిది బల్లలు వరసగా వేసి, తెల్లగుడ్డలు పరిచి మీకు జరిపిన వైభోగం కళ్ళారా చూశాను. నేనే క్షేమంగా లేను. నా గిన్నెలో నాకే పులిహోర వడ్డించారు.

మళ్ళీ చెప్తాను, నిదానంగా. ఉగాదినాడు గుమ్మడికాయ దప్పళంతో మీ దగ్గరికి పంపిన మా డబరా గిన్నె, ఏడు నెలలుగా ఏ బ్లాకులో ఉందో తెలియక కలలో కూడా వెతుక్కుంటున్న గిన్నె, మూడో బల్ల మీద పులిహోరతో నిండుగా కూర్చుని ఉంది. నేను ప్లేటు పట్టుకుని లైన్లో ముందుకు జరుగుతున్నాను. ముందు అంచు మీద సొట్ట కనిపించింది. ఆ సొట్ట 1986లో మా చిన్నాడు దాన్ని తలకి బోర్లించుకుని మెట్లు దిగినప్పుడు పడింది, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అయినా అనుమానం ఎందుకని గిన్నెను కాస్త పక్కకి తిప్పాను. చుక్కలు చుక్కలుగా మా అమ్మ ఇంటిపేరు, పేరు, కింద 4-11-74.

"వేసుకోండి వదినగారూ, మొహమాటపడకండి" అన్నారు గరిటె పట్టుకున్న సి బ్లాకావిడ.

నా గిన్నె దగ్గర నాకు మొహమాటం!

"ఇది మా గిన్నెండీ" అన్నాను. వెనక లైను ఆగిపోయింది. ఆవిడ ముఖం నిజంగానే వెలిగిపోయింది. "అయ్యో, మీదా! ఎవరిదో తెలియక ఇన్నాళ్ళూ దాచానండీ. ఖాళీగా ఎలా ఇస్తాం, ఏదో ఒకటి చేసి అందులో పెట్టి ఇద్దామని ఉగాది నుంచీ అనుకుంటూనే ఉన్నా." ఎవరిదో తెలియదట, కానీ అందులో ఏదో పెట్టి ఇద్దామనుకున్నారట. ఎవరికండీ? ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల సెక్షన్లో పనిచేసి రిటైరైనదాన్ని, ఇలాంటి పద్దు ఎక్కడా చూడలేదు.

సరే, తిన్నాక తీసుకుందామనుకున్నాను. చేతులు కడుక్కుని, తాంబోలాలో ఒక లైను పోగొట్టుకుని వచ్చేసరికి మూడో బల్ల ఖాళీ. ఆవిడ గిన్నె శుభ్రంగా తోమించి మళ్ళీ వాళ్ళింటికే పట్టుకెళ్ళారు. "రేపు ఏదైనా చేసి పంపిస్తా" అని మా పక్కింటివాళ్ళతో కబురు. ఈ రోజు శుక్రవారం.

పాట్‌లక్ గారూ, ఆ గిన్నె గురించి మీకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. స్టీలు సామాన్ల ఆవిడ నెత్తిన తట్ట పెట్టుకుని వీధిలోకి వచ్చే రోజుల్లో, మా అమ్మ జరీ పోని తన పట్టుచీర ఒకటి, మా నాన్నవి రెండు ప్యాంట్లు ఇచ్చి, అరుగు మీద గంటన్నర బేరమాడి తెచ్చుకున్న గిన్నె అది. ఇంట్లో అప్పటిదాకా ఉన్నవన్నీ ఇత్తడివే, రెండు నెలలకోసారి కళాయి వేయించాల్సినవి. ఇది మొదటి పెద్ద స్టీలు గిన్నె. పోతుందేమోనని బజారుకి తీసుకెళ్ళి పేరు, తారీఖు వేయించింది. నాన్న తన ప్యాంట్ల కోసం చాలా రోజులు వెతుక్కున్నారు. పెళ్ళిళ్ళు, తద్దినాలు, బారసాలలు, రెండు ట్రాన్స్‌ఫర్లు, ఒక వరద, ఇన్నింటిలో పోని గిన్నె మీ చేతిలో పెడితే పూటలో పోయింది. మూత మాత్రం ఉగాది రోజే తిరిగొచ్చింది. ఏడు నెలలుగా ఆ మూతని చూస్తూ బతుకుతున్నాను.

సి బ్లాకావిడ దొంగ అని నేను అనడం లేదు. అంటే నాకే బాధ తగ్గేది. ఆవిడ మర్యాదస్తురాలు, గొడవంతా అక్కడే ఉంది. మన ఇళ్ళల్లో ఎవరి గిన్నైనా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. మా అమ్మమ్మ ఊళ్ళో పక్కింటికి వెళ్ళిన పప్పుగిన్నె సాయంత్రానికి నాలుగు వంకాయలతోనో, గుప్పెడు కందిపప్పుతోనో ఇల్లు చేరేది. అప్పుడు రోజూ పొయ్యి వెలిగేది, కాబట్టి గిన్నెలు తిరిగేవి. ఇక్కడ పొద్దున ఇడ్లీ డైనింగ్ హాల్లో, మధ్యాహ్నం భోజనం డైనింగ్ హాల్లో, రాత్రికి రెండు పుల్కాలు క్యారేజీలో వస్తాయి. ఇంట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి ఒకటి, దాని మీద కాఫీకి పాలు. ఇంక గిన్నెలో పెట్టడానికి ఏముంటుంది? వండే ఓపిక లేదు, ఖాళీగా ఇచ్చే ధైర్యం లేదు. అందుకే ఇక్కడ ప్రతి ఇంటి అటక మీదా పక్కింటివాళ్ళ గిన్నెలు మర్యాదగా బందీ అయిపోయి ఉన్నాయి.

సోమవారం నేనే ఫోన్ చేశాను. "వదినగారూ, మీరేమీ చేయక్కర్లేదు, శాస్త్రానికి ఒక చెంచా పంచదార వేసి పంపండి చాలు" అన్నాను.

"పంచదార మా ఇంటికి రాక ఆరేళ్ళయిందండీ. ఇద్దరికీ షుగర్."

"పోనీ కల్లుప్పు నాలుగు రాళ్ళు."

"మావారికి బీపీ అని తెలుసుగా. రోజుకి ఐదు గ్రాములు దాటకూడదని డైటీషియన్ చెప్పినప్పటి నుంచి డబ్బా ఆయనకి కనిపించకుండా దాచాను, ఇప్పుడు ఎక్కడ పెట్టానో నాకే గుర్తు లేదు."

"బియ్యం గుప్పెడు?"

"మేం కొర్రలకి మారిపోయామండీ."

2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుని ఊరుకుంది. మా కమ్యూనిటీలో మాత్రం ఆ సంవత్సరం ఇంకా అయిపోలేదు.

"అయితే కొర్రలే వేసి పంపండి" అన్నాను చివరికి. "ఛ ఛ, అంత పెద్ద గిన్నెలో గుప్పెడు కొర్రలు పంపిస్తే ఏం బాగుంటుందండీ?" అన్నారు. ఇంక ఏం మాట్లాడను? గిన్నె పెద్దదైనందుకు కూడా తప్పు నాదే.

మీ ఇతర ఘనకార్యాల జోలికి వెళ్ళకూడదనుకున్నాను గానీ, కలం పట్టాక ఆగడం కష్టం. నోటీసు బోర్డు మీద ఎవరు ఏం తెస్తారో రాయమని కాగితం పెడతారు కదా, మొన్న ఆ కాగితంలో పులిహోర ఏడు సార్లు ఉంది. చింతపండుది నాలుగు, నిమ్మకాయది రెండు, ఒకటి దబ్బకాయది. అన్నం ఎవరూ రాయలేదు. కందబచ్చలికి ఆవ పెట్టి నేను తెచ్చాను, కలుపుకోవడానికి తెల్లన్నం లేక జనం దాన్ని పులిహోరలో నంజుకుని తిన్నారు. ఉత్సాహవంతులైన కమిటీవారు వనభోజనం కదా అని మోకాలెత్తు ఉసిరి మొక్కని కుండీతో సహా ట్రాలీ మీద తోసుకొచ్చి క్లబ్‌హౌస్ మధ్యలో పెట్టారు. దాని నీడలో ఒక చెప్పు పడుతుంది, జత పట్టదు. గోంగూర గిన్నె ముందు "గోంగూర" అని చీటీ పెడితే, డి బ్లాకు అన్నగారు అది కొట్టేసి "పుంటికూర" అని రాశారు, దాన్ని ఇంకెవరో కొట్టేశారు, మూడోసారికి చీటీయే చిరిగింది. పచ్చడి అయిపోయాక కూడా ఆ చర్చ అవలేదు. ఇక అక్టోబరు 1న వయోవృద్ధుల దినోత్సవం అని మిమ్మల్ని మళ్ళీ రప్పించి, మైకు పట్టుకున్నవారు మా గురించి మాకే నలభై నిమిషాలు చెప్పేలోపు గారెలు చల్లారిపోయాయి. చల్లారిన గారె నమలాలంటే ఏం కావాలో అక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమందికి లేవు.

అసలు మీరు మా దాకా ఎలా వచ్చారు? పిల్లల కాన్పులకని ఆరేసి నెలలు అమెరికా వెళ్ళి, అక్కడ శనివారం శనివారం ఎవరో ఒకరింట్లో అల్యూమినియం ట్రేల ముందు నిలబడి, "భలే పద్ధతి, ఒక్కరి మీదే భారం పడదు" అని మురిసిపోయి మేమే వెంటబెట్టుకొచ్చాం. ఆ ట్రేలని తిన్నాక చెత్తబుట్టలో పడేస్తారన్న సంగతి మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం. పడేసే ట్రే అయితే ఎవరిదైనా ఒకటే. అమ్మ పేరున్న గిన్నెలు పట్టుకొచ్చి మీ బల్లల మీద పెట్టడం మా బుద్ధితక్కువ. మా చిన్నప్పుడు విందంటే పెరట్లో గాడిపొయ్యి, ఒకరింట వంట, గిన్నెలన్నీ ఆ ఇంటివే, ఎక్కడికీ పోయేవి కావు.

ఏం పాట్‌లక్కయ్యా నువ్వు? డెబ్బై ఏళ్ళ మనుషుల్ని చీటీలు పట్టుకుని బ్లాకు బ్లాకూ తిప్పుతావా? ఉగాది తర్వాత సాయంత్రాలు వాకింగ్ పేరుతో ఎన్ని వంటింటి కిటికీల్లోకి తొంగి చూశానో నీకు తెలుసా? బి బ్లాకులో ఒకాయన నేను తనని చూడ్డానికి వస్తున్నాననుకుని రెండు వారాలు జుట్టుకి రంగు వేసుకున్నాడు. నా గిన్నె నాకు పడెయ్. నువ్వూ వద్దు, నీ పులిహోరా వద్దు.

క్షమించండి. బీపీ మాత్ర వేసుకుని వచ్చాను.

నిన్న కోపంలో అటక సర్దాను, ఉన్న గిన్నెలైనా లెక్కపెట్టుకుందామని. ఒక హాట్‌ప్యాక్ దొరికింది. మాది కాదు. మొన్న శ్రావణంలో నాకు జ్వరం వచ్చి మూడు రోజులు తలుపు తీయనప్పుడు ఎవరో గుమ్మం దగ్గర పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోయారు. లోపల మిరియాల చారు, మెత్తగా ఉడికిన అన్నం, విడిగా చిన్న డబ్బాలో వేయించిన కరివేపాకు పొడి. అలాంటి చారు నేను మా అమ్మ పోయాక తాగలేదు. తలుపు తెరిచేసరికి వరండాలో ఎవరూ లేరు. అప్పుడే తిరిగిచ్చేయాల్సింది. కానీ ఖాళీగా ఎలా ఇవ్వను? అలాంటి చారు చేసినవాళ్ళకి డైనింగ్ హాలు ఉప్మా పెట్టి ఇస్తానా? కాస్త ఓపిక వచ్చాక కజ్జికాయలు చేసి ఇద్దామనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను.

నవ్వకండి.

ఎవరిదో కనుక్కుందామన్నా, మూత మీద నెయిల్ పాలిష్‌తో రాసిన ఫ్లాట్ నంబరు అరిగిపోయి చివరి 4 ఒక్కటే మిగిలింది. చివర 4 ఉన్న ఫ్లాట్లు మా దగ్గర పద్దెనిమిది. అన్నింటి బెల్లూ కొట్టాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. చారు పెట్టినవాళ్ళు ఈపాటికి నన్ను ఏమనుకుంటున్నారో, ఏ వరండాలో నా వంటింటి కిటికీలోకి తొంగి చూస్తున్నారో తెలియదు. వాళ్ళందరూ ఒకేచోట దొరికేది మీ బల్లల దగ్గరే కదా, ఏం చేస్తాం.

సంక్రాంతి కాగితం పొద్దున్నే నోటీసు బోర్డు ఎక్కింది. అప్పటికే నాలుగు పులిహోరలు, ఒక సకినాలు. నా పేరు ఎదురుగా "కజ్జికాయలు (హాట్‌ప్యాక్‌లో, ఎవరిదో వారు వచ్చి తీసుకోగలరు)" అని రాశాను. దాని కింద "దప్పళం" అని కూడా రాశాను. నలభై మందికి సరిపడా దప్పళం పట్టేది ఆ ఒక్క గిన్నెలోనే, అది సి బ్లాకులో ఉంది. ఎలా తెప్పిస్తారో మీ ఇష్టం.

మూత నా దగ్గరుంది.

ఇట్లు,
ఏ బ్లాకు, రెండో అంతస్తు