గ్రేహౌండ్ దత్తత దరఖాస్తు గారికి ఓ బహిరంగ లేఖ

దరఖాస్తు గారూ,

"పులిచారలది కావాలి, రెండేళ్లు దాటకూడదు, పొద్దున్నే నాతో పరిగెత్తాలి" అని మిమ్మల్ని నింపింది నేనే. పందేల నుంచి రిటైరైన కుక్క, గంటకు 70 కిలోమీటర్ల దాకా దూసుకుపోయే జాతి, దాని వెనక పడితే నా పొట్ట కూడా తగ్గకపోతుందా అని చిన్న ఆశ. ఆ మూడూ మీరు చదివినట్టు కూడా లేదు. మీకు కావలసిందల్లా నా గుట్టు. ఇల్లు రోజుకి ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది, కంచె ఎంత ఎత్తు, మెట్లున్నాయా, పిల్లి ఉందా, ఉంటే అది కుక్కని చూసి పారిపోతుందా, నిలబడుతుందా.

అక్కడ నవ్వాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారనుకున్నాను. చూపుతో వేటాడే జాతికి కళ్ల ముందు చిన్నదేదైనా పరిగెడితే ఏమవుతుందో అప్పటికి తెలీదు మరి. ఆ తర్వాత చూశాను మీ పిల్లి పరీక్ష: కుక్క మూతికి చిక్కం పెట్టి, పట్టీ గట్టిగా పట్టుకుని పిల్లి ఉన్న గదిలోకి తీసుకెళ్లారు. ఓసారి వాసన చూసి మొహం తిప్పేసుకుంటే ఫరవాలేదట. ఒళ్లు బిగించి, రెప్ప వేయకుండా చూస్తూ, పిలిచినా పలక్కపోతే ఆ కుక్కకి పిల్లి లేని ఇల్లు వెతకాలట. నేను మనసు పడ్డ పులిచారల కుక్క రెండో రకం, మా ఇంట్లోనేమో పిల్లి ఉంది. పైగా పందెం కుక్కల్ని ఉంచే కెన్నెల్లో ఎప్పుడూ తోటి కుక్కల మధ్య పెరిగింది, ఒంటరిగా వదిలితే ఏడుస్తుంది.

అన్నట్టు, ఇల్లు ఖాళీగా ఉండేది రెండు గంటలని మీకు అబద్ధం రాశాను. ఇల్లు చూడ్డానికి వచ్చినావిడ అలమర మీద ఎండిపోయిన మొక్కని చూసి, నన్ను చూసి, "నిజంగా ఎన్ని గంటలు?" అంది. ఆరు అని ఒప్పేసుకున్నాను. ఆవిడ తన గ్రేహౌండ్‌ని కూడా వెంట తెచ్చింది. అది నేరుగా అద్దం తలుపుకి మూతి కొట్టుకుంది. కెన్నెల్ నుంచి వచ్చే చాలా కుక్కలకి అద్దాలూ మెట్లూ కొత్తేనట, తలుపుకి టేపు అంటించమని చెప్పి వెళ్లింది.

చివరికి మీరు నాకు జత చేసింది ఏడేళ్ల నల్లవాణ్ణి. చెవిలో పందేల నాటి గుర్తింపు పచ్చబొట్టు, నోట్లో సగం పళ్లు. వాడు ఒక్కడే ఉన్నా ప్రశాంతంగా పడుకుంటాడని ముందు కొన్నాళ్లు ఉంచుకున్న ఇంటివాళ్లు రాసిచ్చారట, నా ఆరు గంటలకి అది సరిపోయింది. జాగింగా? ఇరవై నిమిషాలు నడిచి ఇంటివైపు తిరుగుతాడు. మిగతా రోజంతా నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి నిద్ర. మెడ తలకన్నా లావు, మామూలు మెడపట్టీ ఇట్టే జారిపోతుంది, అందుకని లాగితే బిగిసే మార్టింగేల్ మెడపట్టీ. బయట ఎప్పుడూ వదలనని మీరు నాతో సంతకం పెట్టించుకున్నది ఎందుకో, దూరంగా ఓ ఉడుత కనిపించిన రోజు నా భుజానికి తెలిసింది.

ఒక సవరణ. "సోఫా ఎక్కనిస్తారా?" అన్న చోట "ఎక్కనివ్వను" అని రాశాను. దయచేసి కొట్టేయండి, నేను నేల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పిల్లి మాత్రం మొదటి రోజు నుంచీ ఐదో మెట్టు మీద దర్జాగా కూర్చుంటోంది. వాడికి మెట్లు ఎక్కడం రాదని నాకన్నా ముందే కనిపెట్టింది.