‘నిర్ణయం మీదేనండి’ అనే మాటగారికి

అయ్యా మాటగారూ,

నమస్కారం. నిన్న మధ్యాహ్నం మూడు గంటలు కూర్చోబెట్టి, నాలుగు నిమిషాలు చూసి, నేను లేచి కుంటుకుంటూ తలుపు దాకా వెళ్లాక డాక్టరుగారు మిమ్మల్ని నా వెనక పంపించారు. మనకిది మూడో పరిచయం. ముగ్గురు డాక్టర్ల దగ్గరా మీరు తలుపు దగ్గరే కలిశారు. కుర్చీలో ఉన్నంతసేపూ ఎక్కడ దాక్కుంటారండీ?

(ఆ కుర్చీలొకటి. ఎముకల డాక్టరు దగ్గర సోఫాలు నేలకి జానెడు ఎత్తున ఎందుకుంటాయో! దానికి వేరే ఉత్తరం రాస్తాను.)

నా మోకాలి సంగతి మీకు తెలుసు. కీలు దగ్గర ఎముక విరిగితే ప్లేటు వేసి, స్క్రూలు బిగించి, అతుక్కోమన్నారు. అతుక్కుంది. సరిగ్గా అతుక్కోమని ఎవరూ చెప్పలేదు కాబోలు. లోపలి వైపు 5 మిల్లీమీటర్లు కుంగి, కాలు కాస్తా దొడ్డికాలయింది. ప్రతి అడుగుకీ మోకాలి మీద నా బరువుకి రెండింతలు పైగా పడుతోందట, అందులో ఎక్కువ భాగం పెన్సిలంత మందం కూడా లేని ఆ గుంట వైపేనట.

మొదటాయన, ‘విరిగిన చోటే మళ్లీ కోసి, కుంగినదాన్ని పైకి లేపి, కింద ఎముక ముక్కలు కూరుద్దాం’ అన్నారు. రెండో ఆయన, ‘కీలు జోలికి వద్దు, దాని కింద ఎముక కోసి కాలు నిటారు చేస్తే బరువు బయటి వైపుకి మళ్లుతుంది’ అన్నారు. నిన్నటాయన, ‘ఇవన్నీ ఎందుకండీ, ఇంకో పదేళ్లు ఓర్చుకోండి, కీలే మార్చేద్దాం’ అన్నారు. అలా అంటూనే, ఒకసారి విరిగి, లోపల లోహం ఉన్న మోకాల్లో కీలు మార్చడం మామూలు అరుగుదలంత సులువు కాదనీ, ఇన్ఫెక్షన్ భయం, బిగుసుకుపోయే భయం రెండూ ఎక్కువేననీ కూడా చెప్పారు. మిగతా ఇద్దరి పద్ధతుల్లో లోపాలు ఒక్కొక్కరూ చక్కగా వివరించారు. ముగ్గురు చెప్పిందీ నిజమే, అదే నా ఏడుపు.

ఆ తర్వాత మీరు వస్తారు. ఎంత మర్యాద! ఇంట్లో ఫ్యాను స్పీడు ఎంత పెట్టాలో కూడా నన్నెవరూ అడగరు. నా ఎముకని రంపంతో ఎక్కడ కొయ్యాలో మాత్రం నేనే తేల్చాలి. ఇరవై ఏళ్లు కత్తి పట్టినవాళ్లకి తేలనిది, మొన్నటిదాకా ఎక్స్‌రే తలకిందులుగా పట్టుకున్న నాకు తేలుతుందా? అసలు మీరెందుకు పుట్టారో నాకు తెలుసు లెండి. రేపు కాలు వంగకపోతే ‘మీరే కదా ఎంచుకున్నారు’ అనడానికి. మర్యాద కాదిది, చేతులు దులుపుకోవడం! కాలు నాది, నొప్పి నాది, చివరికి తప్పు కూడా నాదేనా?

కోపం వచ్చింది. క్షమించండి.

రాత్రి రెయిలింగ్ పట్టుకుని, రెండు పాదాలూ ఒకే మెట్టు మీద ఆనించుకుంటూ దిగుతుంటే మా ఆవిడ కింద నుంచి అడిగింది: “అసలు ఆ కాలుతో మీకేం చెయ్యాలనుంది?” సగం మెట్ల మీద ఆగిపోయాను. నేల మీద కూర్చుని లేవాలా? పూటంతా నిలబడి పనిచెయ్యాలా? నొప్పి లేకుండా నిద్ర పడితే చాలా? కీలు మారిస్తే నొప్పి తగ్గొచ్చు గానీ మోకాళ్ల మీద కూర్చోవడం చాలామందికి కష్టమే. కాలు నిటారు చేస్తే సొంత కీలు మిగులుతుంది, గుంట అక్కడే ఉంటుంది. ముగ్గురూ మోకాలు వంచి చూశారు, ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నన్ను నేనూ అడగలేదు.

వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాను, నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా తీసిన పొడుగాటి ఎక్స్‌రే చంకలో పెట్టుకుని. మీరెలాగూ వస్తారు. ఈసారి మాత్రం తలుపు దాకా ఆగకండి, నేనింకా కుర్చీలో ఉండగానే రండి.

ఇట్లు,
మెట్టు మెట్టుకీ ఆగుతున్న నిర్ణేత